పుల్లకలం రాసిన ఊరి చరిత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం కోరింది. చేవెళ్ల, మొయినాబాద్ అనగానే రాయదగిన పెద్ద విషయాలు ఎన్నో ఉన్నాయి. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు, చిలుకూరు బాలాజీ గుడి, గండిపేట, హిమాయత్‌సాగర్, 111 జీవో. వీటి మీద నాకంటే బాగా రాయగలవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. నేను మాత్రం ఒక చిన్న వస్తువును ఎంచుకున్నాను. దాని పొడవు అంగుళం పైన కొంచెం. పేరు పాళీ.

నలభై ఏళ్లు దాటని మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది దీన్ని చేత్తో పట్టుకుని ఉండరు. కాబట్టి ముందుగా రెండు మాటలు చెప్పాలి. పాళీ అంటే పలుచని ఉక్కురేకుతో చేసిన నిబ్బు. దాన్ని చెక్కపుల్ల చివర బిగిస్తే అది పుల్లకలం. ఈ కలానికి సిరా దాచుకునే పొట్ట లేదు. నాలుగైదు మాటలు రాయగానే మళ్లీ సిరాబుడ్డిలో ముంచాలి. 1960లలో మేం చదువుకునే రోజుల్లో చిన్న తరగతుల్లో పలక, బలపం ఉండేవి. తర్వాత పెన్సిలు, ఆ తర్వాత పుల్లకలం. ఫౌంటెన్ పెన్ను ఇంట్లో స్తోమతు ఉన్న పిల్లలకే. బాల్‌పెన్నుతో రాస్తే దస్తూరి పాడైతదని సార్లు ఒప్పుకునేవారు కాదు.

ఇదంతా పాత ముచ్చట్ల కోసం చెప్పడం లేదు. మన ఊళ్ల పాత పహాణీలు, దస్తావేజులు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు చాలావరకు ఈ పాళీతోనే రాసినవి. అది ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఆ కాగితాలు రాసిన మాటల కంటే ఎక్కువే చెబుతాయి. తెలియనివాళ్ల చేతిలో పడితే అవే కాగితాలు సగం మూగబోతాయి. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

పాళీకి ముందు

తెలుగు రాతకు మొదటి ఆధారం తాటాకు, గంటం. గంటం ఇనుముది. ఆకు మీద సిరాతో రాయదు, గీరుతుంది. గీరిన తర్వాత మసి రుద్దితే అక్షరం నల్లగా కనబడుతుంది. అడ్డగీతలు గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తయారయ్యాయనీ పెద్దలు చెబుతారు.

కచేరీల్లో రాత దారి వేరు. హైదరాబాద్ సంస్థానంలో 1880ల దాకా రాజభాష ఫార్సీ, ఆ తర్వాత 1948 దాకా ఉర్దూ. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఇలాకా అయిన సర్ఫ్-ఎ-ఖాస్‌లో ఉండేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది. జాగీర్లు రద్దయిందీ ఆ ఏడే. అంతవరకు ఊరు సర్ఫ్-ఎ-ఖాస్‌ది అయినా, పాయెగాది అయినా, జాగీర్దారుది అయినా లెక్క మాత్రం ఉర్దూలోనే నడిచేది. ఉర్దూ రాతకు అసలు కలం రెల్లుపుల్ల. కొనను చాకుతో ఏటవాలుగా కోసి, నడుమ చీలిక పెట్టి రాసేవారు. కొన అరిగితే మళ్లీ కోయాలి. దవాత్‌లో, అంటే సిరాబుడ్డిలో, కొంచెం దూదో పట్టుపీలికో వేసి ఉంచేవారు. కలం దాన్ని తాకి కావలసినంత సిరాయే తీసుకునేది.

మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారు ఆ ఉర్దూ కచేరీల కాలంలోనే వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. కచేరీలో ఉర్దూ, సభలో తెలుగు. ఆ తరం చదువుకున్నవాళ్లలో చాలామందికి కుడి నుంచి ఎడమకు ఒక రాత, ఎడమ నుంచి కుడికి ఒక రాత ఒకే చేతికి వచ్చి ఉండేవి. 1978లో ఏర్పడిన మన జిల్లాకు పెట్టింది ఆయన పేరే.

బర్మింగ్‌హామ్ నుంచి మన అంగడికి

ఉక్కుపాళీ మన దగ్గర పుట్టినది కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో 1820లు, 1830లలో దీని తయారీ పెద్ద పరిశ్రమ అయింది. జోసెఫ్ గిలాట్, జోసయా మేసన్, పెర్రీ వంటి పేర్లు అప్పటివే. షెఫీల్డ్ ఉక్కును పలుచని రేకుగా సాగదీసి, పాళీ ఆకారంలో ముక్కలు కత్తిరించేవారు. నడుమ బెజ్జం పొడిచి, కాల్చి మెత్తబరిచి, కంపెనీ పేరు అచ్చు కొట్టి, గొట్టంలా వంచేవారు. మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిబరిచేవారు. ఆ గట్టిదనం పెళుసుగా ఉంటుంది కాబట్టి మరోసారి సన్నని వేడి చూపి పదును కుదిర్చేవారు. తర్వాత మొన దగ్గర సాన పట్టి, చీలిక పెట్టి, తుప్పు పట్టకుండా పైన లక్క పూత పూసేవారు. ఈ పనులు చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ప్రపంచంలో జరిగే రాతలో ముప్పావు వంతు బర్మింగ్‌హామ్ పాళీలతోనే అని ఆ రోజుల్లో అనేవారు. ఇప్పుడు ఆ ఊళ్లో పాళీలకే ఒక మ్యూజియం ఉంది.

పాళీలు గ్రోసు లెక్కన, అంటే 144 చొప్పున, చిన్న డబ్బాల్లో వచ్చేవి. దుకాణదారు డబ్బా విప్పి ఒకటో రెండో విడిగా అమ్మేవాడు. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలోనూ తయారీ పెరిగింది. తమిళనాడులోని సాత్తూరు పాళీలకు పేరుపడ్డ ఊరు. మాకు మాత్రం అది ఏ దేశానిదన్న పట్టింపు లేదు. గీరకుండా రాస్తే మంచి పాళీ, గీరితే చెడ్డ పాళీ.

కొత్త పాళీని మచ్చిక చేసుకోవడం

కొత్త పాళీ కొనగానే రాయదు. ఈ సంగతి తెలియక చాలామంది పిల్లలు పాళీని తిట్టేవారు. దుకాణం నుంచి తెచ్చి నేరుగా సిరాలో ముంచితే తామరాకు మీద నీటిబొట్టులా సిరా ముద్దగా చేరి, కాగితానికి తగలగానే డబుక్కున జారి మరక పడేది. కారణం ఇందాక చెప్పిన లక్క పూత. తుప్పు నుంచి కాపాడే ఆ పూతే సిరాను అంటనివ్వదు. దాన్ని తీసేయాలి.

తీసే పద్ధతులు ఇంటికొకటి. గ్యాస్‌నూనె బుడ్డి మంటలో పాళీని ఒకటి రెండు క్షణాలు ఇటూ అటూ తిప్పి, నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవడం ఒకటి. ఎక్కువసేపు పట్టి ఎర్రబడనిస్తే మాత్రం పాళీ పని అయిపోయినట్టే. కొడవలికి కమ్మరి పెట్టిన పదును మంటలో వేస్తే ఎలా పోతుందో ఇదీ అంతే. తర్వాత ఒత్తితే రెండు పాయలు విచ్చుకుని మళ్లీ దగ్గరికి రావు. ఆలుగడ్డలో గుచ్చి కాసేపు ఉంచి తుడవడం ఇంకొకటి. పళ్లపొడితో రుద్దడం మరొకటి. నోట్లో పెట్టుకుని చప్పరించడం అందరికంటే సులువైన పద్ధతి. సార్లు దాన్ని చూస్తే ఊరుకునేవారు కాదు. ఈ రోజు ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే సబ్బునీళ్లతో మెత్తగా రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పూత పోయాక మొన చూడాలి. పాళీ మొన రెండు పాయలు. అవి సరిసమానంగా ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ఒకవైపు గీసినప్పుడు నున్నగా, మరోవైపు గీసినప్పుడు కర్‌ర్ మని పోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, ఎత్తుగా ఉన్న పాయను బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా వంచి సరిచేసేవాళ్లం. ఆ తర్వాత పాత పలక నున్నటి వైపున రెండు చుక్కల నీళ్లు వేసి, పాళీని రాసే వాటంలోనే పట్టుకుని, ఒత్తకుండా ఎనిమిది అంకె ఆకారంలో పదిసార్లు తిప్పితే మొన నునుపు తేలేది. అంతకంటే ఎక్కువ తిప్పితే మొన చదునై గీత లావెక్కేది.

తెలుగు రాసేవాళ్లకు ఈ నునుపు మరీ అవసరం. ఇంగ్లిషు కాపీ రాతలో కిందికి దిగే గీతలో ఒత్తి లావుగా, పైకి ఎక్కే గీతలో తేలికగా సన్నగా రాస్తారు. సూదిమొన పాళీ ఆ రాత కోసం పుట్టింది. తెలుగు అక్షరం అలా కాదు. అది చుట్టు తిరుగుతుంది. సున్నా చుట్టినా, తలకట్టు పెట్టినా, కొమ్ము లాగినా కలం ఎక్కడో ఒకచోట పైకి, ముందుకు తోసుకుపోవాలి. వాడి మొనను అలా తోస్తే కాగితం పీచులో దిగబడి సిరా చిమ్ముతుంది. అందుకే మనవాళ్లు కలాన్ని కొంచెం వాల్చి, ఒత్తిడి లేకుండా పట్టుకోమనేవారు. మొన కొద్దిగా పైకి వంగిన పాళీలు కూడా ఉండేవి. ఎడిన్‌బరోలోని మాక్‌నివెన్ అండ్ కామెరాన్ కంపెనీ వారి వేవర్లీ పాళీ అలాంటిదే. గుండ్రటి అక్షరానికి ఆ రకం బాగా ఒదుగుతుంది.

ముంచడానికీ ఒక లెక్క ఉంది. పాళీ నడుమ ఉన్న బెజ్జం వరకే సిరా అందాలి. బెజ్జం, చీలిక కలిసి సిరాను పట్టి ఉంచి మొనకు కొద్దికొద్దిగా వదులుతాయి. బెజ్జం దాటి ముంచితే బరువెక్కి జారుతుంది. తీసేటప్పుడు బుడ్డి అంచుకు ఒకసారి తాకించాలి. రాయడం అయ్యాక తుడవాలి. తుడవని పాళీ మర్నాటికి తుప్పు పట్టేది. సిరాతో ఎండిపోయిన చీలిక మళ్లీ పారేది కాదు. ప్రతి పిల్లవాడి పుస్తకాల సంచిలో సిరామరకల గుడ్డపీలిక ఒకటి తప్పకుండా ఉండేది. ఉక్కుపాళీ మొనకు ఫౌంటెన్ పెన్ను నిబ్బుకు ఉన్నట్టు గట్టిలోహపు బొట్టు ఉండదు. కాబట్టి అది రాసేవాడి చేతివాటాన్ని బట్టి అరుగుతుంది. ఒకరి పాళీ ఇంకొకరికి కుదరకపోయేది అందుకే.

సిరా సంగతి

పాళీ ఎంత ముఖ్యమో సిరా అంత ముఖ్యం. మన దగ్గర పాతకాలపు సిరా రెండు రకాలు. దీపపు మసిని తుమ్మబంకతో నూరి చేసేది ఒకటి. కరక్కాయలను నానబెట్టి లేదా కాచి, ఆ రసంలో అన్నభేది కలిపి చేసేది రెండోది. కరక్కాయలో వగరు ఉంటుంది. అన్నభేది ఇనుముతో కూడిన లవణం. రెండూ కలిసిన రసం కాగితం మీద పడి గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది, పీచులోకి దిగి పట్టుకుంటుంది. నీళ్లు పడినా అంత సులువుగా పోదు. యూరపులో ఓక్ చెట్ల మీది కాయలతో చేసిన సిరాదీ ఇదే సూత్రం. దాని దోషం ఒకటే. అందులోని పులుపు పాళీని తింటుంది, ఏళ్లు గడిస్తే కాగితాన్నీ తింటుంది.

బడిపిల్లల సిరా వేరు. అది బిళ్లల రూపంలో దొరికేది. బిళ్లను నలిపి నీళ్లలో కలిపితే సిరా తయారు. 1931లో బొంబాయిలో దండేకర్ సోదరులు సిరాపొడి, సిరాబిళ్లల వ్యాపారంతోనే మొదలుపెట్టారు. తర్వాత అదే కామ్లిన్ అయింది. 1934లో బెంగాల్‌లో స్వదేశీ సిరాగా సులేఖ వచ్చింది. బిళ్ల సిరా చవక, రంగు ముచ్చటగా ఉండేది. కానీ అది ఉత్త రంగు. ఎండకు వెలుస్తుంది, నీటిచుక్కకు కరిగిపోతుంది. ఇంట్లో పాత నోటుపుస్తకం తీసి చూడండి. అక్షరాలు వెలిసి లేత ఊదారంగు నీడలా మిగిలి ఉంటే అది బిళ్ల సిరా. గోధుమరంగు కలిసిన నలుపులో గట్టిగా నిలిచి, వెనుకవైపుకు కూడా కొంచెం కనబడితే అది ఇనుము సిరా.

కాగితమూ కలిసిరావాలి. సరిగ్గా గంజి పట్టని కాగితం మీద ఎంత మంచి పాళీ అయినా సిరాను పరుచుతుంది. హైదరాబాద్ సంస్థానంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు ఏర్పడింది. ఆ మిల్లున్న ఊరి పేరే కాగజ్‌నగర్.

పహాణీలో సిరాచుక్క

ఇక అసలు విషయానికి వస్తాను. పదవీ విరమణ తర్వాత, ఉర్దూ కొంచెం చదవగలను గనుక, తెలిసినవాళ్లు పాత కాగితాలు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. మన ప్రాంతంలో భూమి ధరలు పెరిగిన కొద్దీ ఈ రాకపోకలూ పెరిగాయి. తెలంగాణలో భూమి లెక్కకు పెద్ద ఆధారం 1954-55 ఖాస్రా పహాణీ. అంతకుముందు సేత్వార్, ఆ తర్వాత ఏటేటా పహాణీలు. వీటిని రాసింది పట్వారీలు. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాకా ఊరి భూమి అంతా ఒక మనిషి దస్తూరిలో ఉండేది.

ఒకసారి ఒక ఊరి నుంచి రెండు ఇళ్లవాళ్లు వచ్చారు. అన్నదమ్ముల పిల్లలు. వాళ్ల దగ్గర ఉన్నది పాత ఉర్దూ పహాణీకి జిరాక్సు. ఒక సర్వే నంబరు కింద విస్తీర్ణం ఒక ఎకరం రెండు గుంటలా, ఒక ఎకరం ఇరవై గుంటలా అన్నది తగువు. ఉర్దూ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క మాత్రమే. రెండు పక్కన చుక్క ఉంటే ఇరవై. జిరాక్సులో రెండు పక్కన నల్లగా ఒక చుక్క ఉంది. పద్దెనిమిది గుంటల తేడా అంటే 2178 గజాలు. మొయినాబాద్ పక్కన అది ఎంత డబ్బో నేను చెప్పనవసరం లేదు.

జిరాక్సులో అన్ని చుక్కలూ ఒకటే. అసలు రిజిస్టరు చూడనిదే చెప్పలేనన్నాను. వాళ్లు అర్జీ పెట్టుకుని అసలు చూసే అవకాశం తెచ్చుకున్నారు. నేనూ వెంట వెళ్లాను. పాళీతో కావాలని పెట్టిన చుక్కకు ఒక రూపం ఉంటుంది. మొన ఆనిన చోట కొంచెం కోణంగా, ఒక వాలు మీద, పక్క అంకె ఎంత ముదురో అంతే ముదురుగా ఉంటుంది. ఆ పుటలో మిగతా సున్నాలన్నీ అలాగే ఉన్నాయి. ఈ చుక్క మాత్రం గుండ్రంగా, అంచులు పీచులోకి పాకి, అన్నింటికంటే చిక్కగా ఉంది. ఎదురు పుట తిప్పి చూస్తే సరిగ్గా అదే ఎత్తులో దాని అచ్చు లేతగా పడి ఉంది. ఆరకముందే రిజిస్టరు మూసిన గుర్తు అది. పక్కనున్న శిస్తు లెక్క కూడా రెండు గుంటలకే సరిపోయింది. అది సున్నా కాదు, పాళీ నుంచి జారిన బొట్టు. ఇరవై అనుకున్న ఇంటివాళ్లకు కష్టంగానే తోచింది. అయినా కళ్లతో చూశారు కాబట్టి ఒప్పుకున్నారు. తగువు కోర్టు మెట్లు ఎక్కలేదు.

అప్పటి నుంచి పాత కాగితం చూసేటప్పుడు నేను గమనించేవి కొన్ని ఉన్నాయి. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. ముంచి రాసే కలానికి ఒక ఊపిరి ఉంటుంది. ముంచగానే అక్షరం ముదురుగా మొదలై, నాలుగైదు మాటలకు పలచబడి, మళ్లీ ముంచగానే ముదురుతుంది. పుట మొత్తం ఒకే కూర్చోవడంలో రాస్తే ఈ ఎగుడుదిగుడు అలల్లా క్రమంగా సాగుతుంది. తర్వాత ఎప్పుడో నడుమ ఇరికించిన మాట ఈ క్రమానికి అతకదు. లేత అక్షరాల నడుమ ఒక్క మాట ముదురుగా నిలబడుతుంది. లేదా సిరా రంగే వేరుగా ఉంటుంది. సిరా అయిపోతున్నా ఒత్తి రాస్తే పాళీ రెండు పాయలు విడిపోయి, నడుమ ఖాళీతో రెండు సన్నగీతలు పడతాయి. అరిగిన పాళీతో రాసిన పుటలన్నీ లావుగీతలతో ఉండి, ఒకచోట హఠాత్తుగా గీత సన్నబడితే అక్కడ పాళీ మార్చాడన్నమాట. అదే సన్నగీత ముందరి పుటల్లో ఒక్క వరసలో కనబడితే, ఆ వరస తర్వాత చేరిందేమో అని అనుమానించాలి. ఇవన్నీ అనుమానానికి ఆధారాలే, తీర్పులు కావు. తీర్పు చెప్పేది నిపుణులు, న్యాయస్థానాలు. కానీ ఏ ప్రశ్న అడగాలో మనకు తెలియాలి.

2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటరు అక్షరం అందరికీ ఒకేలా చదవడానికి వీలుగా ఉంటుంది. అది మంచిదే. అయితే తెర మీది అంకె తప్పా ఒప్పా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మళ్లీ వెళ్లాల్సింది ఆ పాత పుట దగ్గరికే.

పాళీ వెళ్లిపోయిన తీరు

పాళీని ముందుగా పక్కకు నెట్టింది ఫౌంటెన్ పెన్ను. అమెరికాలో వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్న పెన్నుతో అది నమ్మకంగా రాయడం మొదలైంది. మన తెలుగు నేల మీద రాజమండ్రిలో కె.వి.రత్నం గారు 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టి, పూర్తి స్వదేశీ పెన్ను ఒకటి గాంధీజీకి పంపారు. అది బాగా రాస్తోందని గాంధీజీ 1935 జులైలో రాసిన ఉత్తరం ప్రసిద్ధం. మన వైపు వాళ్లకు పెన్ను కొనాలన్నా, నిబ్బు మార్పించాలన్నా పట్నం పోవడమే. ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ అలాంటి పెన్నుల దుకాణాల్లో పేరున్నది.

ఆ తర్వాత బాల్‌పెన్ను. ముంచే పని లేదు, తుడిచే పని లేదు, మరక భయం లేదు. పొలం గట్టు మీద నిలబడి కూడా రాయవచ్చు. 1970ల తర్వాత బడుల్లో పుల్లకలం కనబడకుండా పోయింది. దానికి నేను చింతించను. పేద పిల్లవాడికి సిరా ఒలికిన చొక్కా ఒకటే చొక్కా అయినప్పుడు బాల్‌పెన్ను వరమే. పోయింది కలం మాత్రమే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. కలంతోపాటు దాని రాతను చదివే కన్ను కూడా పోతోంది. ఉర్దూ దస్తూరి చదవగల పెద్దలు మన మండలాల్లో ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

మన బడి రిజిస్టర్లు

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మన బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఈ మధ్య వాటిని చూశాను. మొదటి పుస్తకాలు పాళీతో రాసినవి. సార్లు ఇనుము సిరా వాడిన పుటలు ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. బిళ్ల సిరాతో రాసిన పుటలు వెలిసిపోతున్నాయి. కొన్నిచోట్ల పేరు కనబడుతోంది, పుట్టిన తేదీ కనబడడం లేదు. పింఛనుకైనా, పాస్‌పోర్టుకైనా, వారసత్వపు కాగితానికైనా ఆ తేదీ కోసం వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

సంఘం ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలోనే చేయదగిన పనులు నాలుగు ఉన్నాయి. మొదటిది, ప్రతి పుటనూ మంచి వెలుతురులో, రంగుల్లో ఫొటో తీయించడం. నలుపు-తెలుపు జిరాక్సు చాలదు, సిరా తేడాలు అందులో పోతాయి. వెలిసిన పుటలను పక్క నుంచి వెలుతురు పెట్టి మరోసారి తీస్తే పాళీ గీరిన జాడ తేలుతుంది. రెండోది, చిరిగిన పుటలకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. టేపు జిగురు కాగితాన్ని పసుపుబరుస్తుంది. లామినేషన్ వేడి, ప్లాస్టిక్కు మళ్లీ తీయడానికి వీల్లేని చెరుపు చేస్తాయి. మూడోది, రిజిస్టర్లను నేలకు, గోడ చెమ్మకు దూరంగా పొడిచోట, మెత్తని గుడ్డలో చుట్టి పెట్టడం. నాలుగోది, ఉర్దూ చదవగల పెద్దలను పిలిచి, పాత పుటలు చదివించి, తెలుగులో రాయించుకోవడం. చదివినవారి పేరు, తేదీ కూడా రాసి పెట్టాలి. ఇందులో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. మనలో ఫొటోలు తీయగలవాళ్లు, కంప్యూటరు తెలిసినవాళ్లు, తీరిక ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు అందరూ ఉన్నారు.

పిల్లలకూ ఒక పూట కేటాయిస్తే బాగుంటుంది. నాలుగు పుల్లకలాలు, ఒక బుడ్డి సిరా, కాసింత గంజి పట్టిన కాగితం చాలు. పాళీ కడిగి, మొన సరిచేసి, బెజ్జం దాకా ముంచి తమ పేరు రాయమనండి. మరక పడ్డా పరవాలేదు. తర్వాత పాత రిజిస్టరు పుట ఒకటి చూపిస్తే, ఎక్కడ ముంచారో, ఎక్కడ సిరా అయిపోయిందో వాళ్లే వేలు పెట్టి చెబుతారు.

ఆ రిజిస్టర్లలో తండ్రి సంతకం అనే గడి ఒకటి ఉంది. తొలి సంవత్సరాల పుటల్లో ఆ గడి నిండా బొటనవేలి ముద్రలే. పిల్లవాడి పేరు రాసిన సిరాలోనే తండ్రి వేలు ముంచి వేయించినట్టు రంగు చూస్తే తెలుస్తుంది. పుటలు తిప్పుతుంటే ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత అవే ఇంటిపేర్లు మళ్లీ వస్తాయి. ఒకప్పుడు పేరు రాయించుకున్న పిల్లవాడు ఈసారి తండ్రిగా వచ్చాడు. ఆ గడిలో ముద్ర లేదు, సంతకం ఉంది. కొన్ని సంతకాల్లో పాళీ తడబడింది, ఒకటి రెండు చోట్ల చుక్క జారింది. మన బడి మన ఊళ్లకు ఏం చేసిందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ రెండు పుటలు చాలు. అవి వెలిసిపోకముందే కాపాడుకుందాం.